వెంట్రుకవాసి చొప్పున

మా తోడికోడలు పాడితే కాగుతున్న పాలు విరిగిపోతాయని మా అత్తయ్య అంటుంది. ఆ మాటకి తోడికోడలు నొచ్చుకోదు. "నిజమే అత్తయ్యా, దేవుడు నాకు చెవులిచ్చే హడావిడిలో గొంతు సంగతి మర్చిపోయాడు" అని తనే నవ్వేస్తుంది. అలాంటి మనిషి నా గొంతు నాకు తెచ్చిపెట్టింది. అదెలాగో చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి. చెప్పేటప్పుడు నా కోపం సంగతి కూడా కొంత బయటపడుతుంది, ఏం చేస్తాం.

ఇంట్లో ఆమెని అందరూ చీమ అంటారు. ఆ పేరు పెట్టింది అత్తయ్యే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, తనకంటే పొడుగున్న, రిపేరుకొచ్చిన పాత కీబోర్డు ఒకటి నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వస్తోంది. మనిషి కనపడటం లేదు. కింద రెండు కాళ్ళు, పైన కీబోర్డు, అంతే. "చూడండర్రా, చీమ పంచదార పలుకు మోసుకొస్తోంది" అంది అత్తయ్య. ఆ పేరు అలా ఖాయమైపోయింది. ఇప్పుడు మా మరిది కూడా పెళ్ళాన్ని అలాగే పిలుస్తాడు. వాళ్ళిద్దరూ పై వాటాలో ఉంటారు, మేమూ అత్తయ్యా కింద వాటాలో.

పెళ్ళికి ముందు ఆమె బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసేది. పొట్ట నొక్కితే ఏడ్చే పాప బొమ్మలుంటాయి కదా, వాటిని ఒక్కొక్కటే నొక్కి ఏడుపు వినడం ఆమె ఉద్యోగం. ఏడుపు బాగుంటే ఒక బుట్టలో, బాగాలేకపోతే ఇంకో బుట్టలో వేయాలి. రోజంతా ఏడుపులు విని ఇంటికి పోయేదాన్నని చెప్తే మా ఆయన, "అయితే మా ఇంట్లో నీకు పెద్ద తేడా తెలీదులే" అన్నాడు. ఆయన ధోరణి ఆయనది. ఆ ఉద్యోగం పుణ్యమా అని చీమ చెవి ఎంత సానబడిందంటే, ఫ్రిజ్ మోత రవ్వంత మారినా, పైన ఫ్యాను అరగడం మొదలుపెట్టినా, మా అందరికంటే ముందు తనకే తెలుస్తుంది. పనికిరాని బుట్టలో పడ్డ బొమ్మల్ని పారేస్తున్నారని తెలిసి, భోజనం టైములో వాటిని విప్పి బాగుచేసేదట. అలా విప్పడం అలవాటై, ఆ అలవాటుతోనే వాయిద్యాలమ్మే షాపులో రిపేర్ల పని సంపాదించింది. షాపు ముందు గదిలో గిటార్లు, డ్రమ్ములు అద్దాల వెనక తళతళలాడుతుంటాయి. వెనక గదిలో ట్యూబులైటు కింద పొట్టలు విప్పిన కీబోర్డులు, స్క్రూలు నింపిన జామ్ సీసాలు, కాలిన తీగల వాసన. ఆ మధ్యలో ఎత్తు స్టూలు మీద మా చీమ కూర్చుని ఉంటుంది.

ఇక నా సంగతి. నేను స్కూల్లో పాటల టీచర్ని. ఇరవయ్యేళ్ళ పైమాటే. మెడలో చిన్న గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాంతో పాటు నా గొంతూ పోయింది. అప్పటికి మరిది పెళ్ళి ఇంకా కాలేదు. ఆపరేషన్ తర్వాత నోరు తెరిస్తే తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు చప్పుడొచ్చేది. డాక్టరు ఓపిగ్గా చెప్పారు. గొంతుని ఆడించే నరం తెగలేదు, దెబ్బతిని అలిసిపోయింది, మెల్లగా తేరుకుంటుంది. అయితే అది తేరుకునే ఆ కొద్ది నెలల్లోనే గొంతుని రోజూ పనిలో పెట్టాలి. ఆ నెలలు చేజార్చుకుంటే గొంతు ఎక్కడుందో అక్కడే ఉండిపోవచ్చు. అలా చెప్పి, గొంతుకి వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి పంపారు. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు గొంతు టీచరు.

గొంతు టీచరు చాలా మంచి మనిషి. అది ఇప్పుడంటున్న మాట. అప్పట్లో ఆవిణ్ణి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. గోడలకి దళసరి గుడ్డ అతికించిన చిన్న గది, బల్ల మీద మామూలు కీబోర్డు. ఆవిడ ఒక కీ నొక్కి, "దీంతో పాటు ఆ అనండి" అనేది. నేననేదాన్ని. నా 'ఆ' కీబోర్డు స్వరం దాకా వెళ్ళకుండా కాస్త కిందే చతికిలబడేది. ఇంకో కీ నొక్కితే దానికి కాస్త పైకి పోయి కూర్చునేది. ఎంతమంది పిల్లల్ని 'శ్రుతి తప్పావు, మళ్ళీ' అని నిలబెట్టి ఉంటాను. ఇప్పుడు నా చెవే నన్ను నిలబెట్టి ఆ మాట అంటోంది. మూడుసార్లు వెళ్ళి నాలుగోసారి ఎగ్గొట్టాను. ఆ తర్వాత ఫోను వస్తే తీయడం కూడా మానేశాను.

ఇంట్లో రేడియో ఆపించేశాను. ఎవరైనా పాట పెడితే నా మొహం చూసి వాళ్ళే ఆపేసేవాళ్ళు. మనుషుల్ని పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేదాన్ని. ఒక దెబ్బ మా ఆయనకి, రెండు దెబ్బలు అత్తయ్యకి. కోపం వచ్చినప్పుడు అరవలేకపోవడం ఎంత నరకమో అరిచే అలవాటున్న వాళ్ళకే తెలుస్తుంది. అక్కడ స్కూల్లో నా క్లాసు డ్రిల్లు మాస్టారికి అప్పజెప్పారు. పిల్లలు పాటకి బదులు గుంజీలు తీస్తున్నారని కబురొచ్చింది. మా ఆయన, "ఏం చేద్దామంటావు, నీ ఇష్టం" అన్నాడు. ఇష్టమట, నా ఇష్టం ఎవడడిగాడు. ఆ గ్లాసు విసిరికొడదామనుకున్నాను గానీ, మళ్ళీ పిలవడానికి అదే కావాలి కదా అని ఊరుకున్నాను.

చీమ మా ఇంటికి వచ్చింది ఈ పరిస్థితుల్లోనే. కొత్త కోడలు, నేనేమో పలకరిస్తే గుర్రుమంటాను. అయినా రోజూ పనినుంచి వచ్చి, కిందికి టీ పట్టుకొచ్చి, నా పక్కన కాసేపు కూర్చుని వెళ్ళేది. ఒకరోజు నేను బట్టలు మడతపెడుతూ తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తున్నాను. నా చెవిన పడగానే నాలుక కొరుక్కుని ఆపేశాను. చీమ టీ కప్పు కింద పెట్టింది.

"అక్కా, మీరు శ్రుతి తప్పట్లేదు" అంది.

కళ్ళెర్రజేసి చూశాను. పాలు విరగ్గొట్టే మనిషి నాకు శ్రుతి గురించి చెప్పడమా అన్నట్టు.

"కోప్పడకండి, నిజం. శ్రుతి తప్పడమంటే ఒక్కోసారి ఒక్కోచోట పడటం కదా. మీరు ప్రతిసారీ ఒకే చోట నిలబడుతున్నారు. రోజూ వింటున్నాగా, అటూ ఇటూ కదలట్లేదు. ఆ చోటు కీబోర్డులో లేదు, అంతే. ఫ్యాక్టరీలో కూడా ఇంతేనక్కా, గొంతు పాడైన బొమ్మలంటూ ఏవీ ఉండేవి కావు. స్పీకరు పట్టు కొంచెం అటూ ఇటూ అయ్యేది."

నన్ను ఏడ్చే బొమ్మతో పోల్చింది. ఇంకెవరైనా అయితే ఆ గ్లాసు నిజంగానే విసిరేదాన్ని. కానీ ఇన్ని నెలల్లో నా గొంతు ఏదో ఒకచోట నిలబడుతోందన్న మనిషి ఆమె ఒక్కతే. అది విన్నాక చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టడం మర్చిపోయి చాలాసేపు అలాగే పట్టుకు కూర్చున్నాను.

మర్నాడు చీమ ఇంకో పంచదార పలుకు మోసుకొచ్చింది. వంటగది మేజాబల్ల అంత పలక. దాని మీద తెల్ల కీలు, నల్ల కీలు లేవు. ఆరు మూలల బటన్లు ఒకదాన్నొకటి అంటుకుని, తేనెపట్టులో గదుల్లా వరుస మీద వరుస. ఎవరో తెప్పించుకుని, వాయించడం చేతగాక షాపులోనే వదిలేసి పోయారట. ఓనరు, "అమ్ముడూ పోదు, అడ్డమూ తప్పదు, పట్టుకుపో" అన్నాడట.

"మామూలు కీబోర్డు మెట్లలాంటిదక్కా. రెండు మెట్ల మధ్యలో కాలు పెట్టలేం. దీంట్లో ఏ బటన్‌కి ఏ శ్రుతి కావాలంటే అది పెట్టుకోవచ్చు. మెట్ల బదులు వాలు కట్టుకోవచ్చు. మీరు వాలు మీద ఎక్కడ నిలబడితే అక్కడో బటన్ పెడతాను" అంది.

సరే చూద్దామన్నాను, అంటే గ్లాసు మీద ఒక దెబ్బ కొట్టాను.

ముందు నా గొంతుని కొలవాలంది. ఫోన్లో శ్రుతిని సూదితో చూపించే యాప్ ఒకటి పెట్టి, తెర తన వైపు తిప్పుకుంది. నన్ను మాత్రం చూడనివ్వలేదు. "పాడకండి. ఎవరో పిలిస్తే పలికినట్టు ఆ అనండి, చాలు" అనేది. నేను పలికేదాన్ని. గొంతు ఎక్కడ బెసక్కుండా నిలబడితే ఆ శ్రుతి ఒక బటన్‌కి ఇచ్చి, దాని మీద నా గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టేది. ఆ బటన్ చుట్టూ ఉన్న ఆరింటికీ దానికంటే కొంచెం హెచ్చు, కొంచెం తగ్గు శ్రుతులు పంచేది. పక్కకి జరిగితే పెద్ద అడుగు, ఏటవాలుగా జరిగితే చిన్న అడుగు. మొదటిసారి చిన్న అడుగుల్ని మరీ సన్నగా కోసేసింది. పక్కపక్క బటన్లు నొక్కితే ఒకే బటన్ నొక్కినట్టుంది. తల అడ్డంగా ఊపాను. పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని అన్నీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడే ఆమె నన్నడిగింది. "అక్కా, ఈ గ మీదేనా? దీనికి కిందున్నదా?" కళ్ళు మూసుకుని విన్నాను. నాది దానికి కింద ఉన్నది. చూపించాను. "మరి మ?" మ సరిగ్గా కుదిరింది. చెవికి సంబంధించిన మాట ఎవరైనా నన్ను అడిగి నెలలు దాటింది. అందరూ మందులు వేసుకున్నావా, అన్నం తిన్నావా అనేవాళ్ళే. చీమ నన్ను పనిలో పెట్టింది. ఆ సాయంత్రం రెండో కప్పు టీ నేనే పెట్టి ఇచ్చాను. అది నేను క్షమాపణ చెప్పే పద్ధతి, ఇంట్లో అందరికీ తెలుసు.

అంతా అమరింది, ఇక వాయించి చూడటమే అన్నరోజు అత్తయ్య కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. చీమ నన్ను పలక ముందు కూర్చోబెట్టి, "ఒక్కో ఎర్ర చుక్కా నొక్కుతూ పైకి వెళ్ళండక్కా" అంది. కుడి వైపుకి జరుగుతూ నొక్కాను. శ్రుతి దిగిపోయింది. పైకి పోదామని తయారుగా ఉన్న గొంతు తడబడింది. మళ్ళీ నొక్కాను, ఇంకా కిందికి దిగింది. ఇదేం చోద్యం అన్నట్టు చీమ వైపు చూశాను. "అదేంటి, నేను వాయిస్తే బాగానే ఉందే" అని చీమ వచ్చి, ఎడమ చెయ్యి చాపి, కుడి నుంచి ఎడమకి టకటకా వాయించుకుంటూ పోయింది. స్వరాలు చక్కగా పైకెక్కాయి.

విషయమేంటంటే మా చీమది ఎడమచేతి వాటం. కత్తెరైనా, చెంచా అయినా, స్క్రూడ్రైవర్ అయినా ఎడమచేతికే. ఎవరూ వాయించని ఆ పలక మీద బటన్లకి కుడీ ఎడమా అంటూ ఏమీ లేదు కదా, అమర్చుకున్నవాళ్ళ ఇష్టం. తన చేతికి సుళువుగా ఉండేట్టు ఎడమ వైపుకి పోతే పెరిగేలా పెట్టేసుకుంది. లోకంలో కీబోర్డులన్నీ కుడికి పెరుగుతాయని, రోజుకి పది కీబోర్డులు విప్పే మనిషికి, గుర్తే రాలేదు.

చీమ తన చేతిని చూసుకుంది, పలకని చూసింది, మొహం కందగడ్డ అయింది. అత్తయ్య గంభీరంగా, "నా కోడళ్ళిద్దరూ ఒకే మేడ ఎక్కుతున్నారనుకున్నాను. ఒకతి ఎక్కుతుంటే ఒకతి దిగుతోందన్నమాట" అంది.

ఇక నాకు నవ్వు ఆగలేదు. ఆపరేషన్ అయ్యాక అదే మొదటిసారి. గాలి చప్పుళ్ళతో మొదలై, పొట్ట పట్టుకునేదాకా పోయి, చివర్లో ఎక్కడికో పైకి వెళ్ళి సన్నగా, తేటగా కూసి ఆగింది. కళ్ళు తుడుచుకుని చూస్తే అత్తయ్య కూడా కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. చీమ మాత్రం నవ్వడం లేదు. తల పక్కకి వంచి, ఏదో బటన్ నొక్కి చూసుకుంటోంది. సిగ్గుపడుతోందిలే అనుకుని నేను పట్టించుకోలేదు. ఆ పూటే అమరికంతా తిరగేసి నాకు తగ్గట్టు పెట్టింది.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం మేజా ఖాళీ కాగానే పలక ముందు కూర్చునేదాన్ని. ఎర్ర చుక్క నొక్కడం, ఆ అనడం. అది నా దగ్గరికే వచ్చి నిలబడినట్టుండేది, నేను దాని వెంట పడి చతికిలబడే బాధ లేదు. చుక్కల మీదే నడుస్తూ చిన్న చిన్న వరసలు, తర్వాత పిల్లల పాటలు. ఆదివారం నేను మార్కెట్‌కి వెళ్ళినప్పుడు చీమ కిందికొచ్చి, బటన్ల సందుల్లో దుమ్ము చేరుతుందని బ్రష్షుతో తుడిచేది. నేను కూరల సంచితో వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసేసి కాళ్ళూపుకుంటూ కూర్చునేది. ఎంత శుభ్రమో ఈ పిల్లకి అనుకునేదాన్ని.

మెల్లమెల్లగా మాట బాగుపడింది. గ్లాసు అల్మైరా ఎక్కింది. ఒకరోజు పెరట్లో ఉన్న మా ఆయన్ని వంటింట్లోంచి కేకేసి పిలిస్తే, ఆయన బకెట్ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "పెద్దకోడలికి గొంతొచ్చింది, ఇక మన పని అయిపోయినట్టే" అంది అత్తయ్య. అంటూనే వెళ్ళి పక్కింటివాళ్ళకి చెప్పొచ్చింది.

అయినా లోపల నాకొక బెంగ ఉండేది. ఇది వంకర గొంతు, దీనికోసం కట్టిన వంకర కీబోర్డు. ఇంట్లో రెండూ జత కుదిరాయి సరే, స్కూల్లో ఉన్నది మామూలు కీబోర్డు. పిల్లలు దాంతో పాడతారు. నేను వాళ్ళకి కిందో పైనో పాడితే, వాళ్ళ చెవులు కూడా చెడగొట్టిన దాన్నవుతాను. ఈ తేనెపట్టుని వీపున కట్టుకుని బడికి పోలేను కదా. కొత్త టర్ము మొదలవకముందే ఏ సంగతో తేల్చమని హెడ్‌మిస్ట్రెస్ కబురు పెట్టింది. బాగా ఏడ్చి, ఏడ్చాక మొహం కడుక్కుని, లైబ్రరీ డ్యూటీ ఇవ్వమని అడిగేశాను. గొంతు పనికిరాదని ఆస్పత్రి నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్టిఫికెట్ కోసం అన్ని నెలల తర్వాత మళ్ళీ ఆ గుడ్డగోడల గదికి వెళ్ళాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఎన్నాళ్ళకి దర్శనం అని గొంతు టీచరు దెప్పుతుందనుకున్నాను. ఏమీ అనలేదు. "సర్టిఫికెట్ ఇవ్వాలంటే పరీక్ష చేయాలి కదండీ" అని కీబోర్డు ముందు కూర్చుంది. పళ్ళ బిగువున సిద్ధమయ్యాను. ఆవిడ స నొక్కింది. ఆ అన్నాను. రెండూ ఒకటైపోయాయి. కీబోర్డు ఎక్కడ ఆగిందో, నేనెక్కడ మొదలయ్యానో తెలీలేదు. రి నొక్కింది. కుదిరింది. నన్ను అప్పట్లో ఏడిపించిన గ నొక్కింది. అదీ కుదిరింది.

"మీ కీబోర్డు పాడైంది" అన్నాను.

"లేదండీ, బాగానే ఉంది."

"ఎందుకు బాగుంటుంది? శ్రుతి దిగిపోయి ఉంటుంది."

హ్యాండ్‌బ్యాగు అడుగున ఎప్పట్నించో పడున్న, శ్రుతి సరిచూసే ట్యూనింగ్ ఫోర్కు తీసి, మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆ ఇనుప ముక్క ఎవరి మొహమాటానికీ శ్రుతి మార్చుకోదు. అదే శ్రుతికి ఆవిడ తన కీబోర్డు మీద కీ నొక్కింది. రెండిటికీ ఇసుమంత తేడా లేదు.

గొంతు టీచరు నవ్వాపుకుంటూ, "సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదండీ. ఈ గొంతు పనికిరాదని రాస్తే నా ఉద్యోగం పోతుంది. మిగతాది మీ ఇంట్లో చీమని అడగండి" అంది.

ఈవిడకి చీమ ఎలా తెలుసు? అక్కడే నాకు వెలిగింది. ఈ పిల్ల వచ్చి ఈవిడ కీబోర్డునీ, వీలైతే స్కూలుదాన్నీ కూడా విప్పి, నా వంకర గొంతుకి తగ్గట్టు దించేసి ఉంటుంది. ఫోర్కు సంగతి ఏంటంటారా, కోపంలో ఉన్నప్పుడు నాకు అన్నీ గుర్తుండవు. అదే విసురున షాపుకి పోయాను. గిటార్ల మధ్యనుంచి, అడ్డొచ్చిన ఓనర్ని కూడా పలకరించకుండా, తిన్నగా వెనక గదిలోకి దూరాను. చీమ ఒక కీబోర్డు పొట్టలో తల దూర్చి ఉంది.

"ఆవిడ కీబోర్డుకి ఏం చేశావే?"

చీమ తల బయటికి తీసింది. నా చేతిలో ఫోర్కు చూసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయినట్టుంది. సోల్డరింగ్ ఐరన్ స్విచ్ ఆపేసింది.

"ఆవిడదాన్ని నేను ముట్టుకోలేదక్కా. మనదే మార్చాను."

"మనదేం మార్చావు? ఎప్పుడు?"

"ఆదివారాలు. మీరు మార్కెట్‌కి పోయినప్పుడు. చుక్కలు అవే ఉంచి, వాటి శ్రుతిని మామూలు కీబోర్డు శ్రుతి వైపు జరిపాను. వెంట్రుకవాసి చొప్పున."

అక్కడున్న డ్రమ్ము పెట్టె మీద కూర్చున్నాను. ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆ రోజు నేను నవ్వినప్పుడు నా గొంతు ఎర్ర చుక్కలన్నిటినీ దాటి పైకి పోయిందట. దారి ఉంది, నేనే వెళ్ళడం లేదని అప్పుడు తెలిసిందట.

"శ్రుతి ఎక్కడుందో తెలిస్తే మీరు ముందే భయపడి ఆగిపోతున్నారక్కా. మీ చెవి మీ గొంతుని అడుగు వెయ్యనివ్వట్లేదు. అందుకే చెప్పలేదు. గొంతు టీచర్ని అడిగే చేశాను. వారానికి ఎంత జరపొచ్చో ఆవిడే చెప్పింది, నలత చేస్తే వెంటనే వెనక్కి తెమ్మంది. రెండు చుక్కలు మాత్రం కదల్లేదు, పైన ని, పై స. కొంచెం లాగితే మీకు ఆ వారమంతా గొంతు బొంగురుపోయింది. మళ్ళీ దించేశాను. అవి ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి."

ఇంట్లో రేడియో లేదు, వేరే వాయిద్యం లేదు, పోల్చుకోవడానికి ఏమీ లేకుండా చేసుకున్నది నేనే. ఇంత చెవి ఉన్నదాన్ని అని విర్రవీగే నన్ను, ఆ పిల్ల మేడ మీదికి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది, మెట్టు ఎక్కుతున్నానని కూడా నాకు తెలియకుండా.

"ఇన్ని నెలలు నన్ను మోసం చేశావన్నమాట" అన్నాను. తిట్టాలనే మొదలుపెట్టాను. మధ్యలోనే చేతిలో ఉన్న ఫోర్కుని బ్యాగులో పడేశాను.

"చేశానక్కా" అంది చీమ.

"నీకెందుకే ఇంత కష్టం? నేనేమైనా నిన్ను బాగా చూసుకున్నానా? వచ్చినప్పట్నించీ గుర్రుమనడమే కదా."

చీమ చేతుల మసి గుడ్డతో తుడుచుకుంది. "ఇంట్లో అందరూ, పెద్దకోడలు పాడితే వినాలి అంటారు. అత్తయ్యా, బావగారూ, ఈయనా. పక్కింటావిడ కూడా అంటుంది. నేనొక్కదాన్నే వినలేదు" అంది.

అంతే. నేను లేచి, కళ్ళజోడు తుడుచుకుని, పిల్లల కోసం నేనే కట్టిన వాన పాట అందుకున్నాను. పొట్టలు విప్పిన కీబోర్డులు, జామ్ సీసాలు, చీమ. సాధన కాదు, చుక్కలు లేవు, పక్కన తోడు శ్రుతి లేదు. మొదటి చరణం నాకే నమ్మకం కుదరనంత బాగా వచ్చింది. రెండో చరణంలో వాన పైకప్పు ఎక్కే చోట పై స ఉంది. అక్కడికి వెళ్ళేసరికి గొంతు బెసికింది, గాలి ఒక్కటే వచ్చింది. ఆపేశాను.

"ఇక్కడ ఇలా ఉండేది కాదే. నువ్వు అప్పుడు వినాల్సింది" అన్నాను.

"నాకు అప్పటిది తెలీదక్కా. నాకు ఇదే మీ గొంతు."

ఆ మాట నేను ఈ జన్మకి మర్చిపోను. అన్ని నెలలూ పోయిన గొంతు పక్కన ఉన్న గొంతుని నిలబెట్టి, రోజూ కొలిచి, రోజూ ఏడ్చాను. మా ఆయన విన్నా, అత్తయ్య విన్నా, నాతో పాటు వాళ్ళూ లోపల కొలుచుకునేవాళ్ళే. నా గొంతులోంచి ఏదీ పోలేదనుకునే మనిషి ఒక్కతే, పొట్ట విప్పిన కీబోర్డు ముందు కూర్చుని, మిగతా పాట కోసం చూస్తోంది. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. చిన్నదానికి పెట్టకూడదు కాబట్టి పాట పెట్టాను. ఆగిన చోటునుంచే ఎత్తుకుని, పై స దగ్గర గాలి వస్తే గాలే అనుకుని, చివరిదాకా పాడాను.

పాట అయ్యాక చీమ స్టూలు దిగి వెళ్ళి, ముందు గది తలుపు మూసి వచ్చి, మళ్ళీ స్టూలెక్కి కూర్చుంది.

"ఇంకోసారి అక్కా" అంది.